మూడు వేళ్లకు ఒక తోలు ముక్క

సంవత్సరం ఎంత అని నన్నడగకు చిన్నీ, అంకెలు నాకు గుర్తుండవు. కరోనా తగ్గి, దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్లు మళ్లీ తలుపులు తెరిచిన ఏడాది అని రాయి. వానాకాలం. మెట్రో లైను మీది నుంచి నీళ్లు ధారలుగా పడుతుంటే పిల్లలు బ్యాగులు నెత్తిన పెట్టుకుని ఉరికేవాళ్లు. అట్లా తడిసిన బ్యాగులన్నీ వారం తిరక్కుండా నా దగ్గరికి వచ్చేవి. జిప్పు తుప్పు పట్టిందని ఒకటి, పట్టీ ఊడిందని ఇంకొకటి.

నా దుకాణం చూడనివాళ్ల కోసం కూడా నాలుగు ముక్కలు రాయాలి కదా. మెయిన్ రోడ్డు వెనక సందులో, ఒక కోచింగ్ సెంటర్ మెట్ల కింద ఉన్న జాగా అది. ఒక కుట్టు మిషన్, ఒక స్టూలు, గోడ నిండా మేకులు, మేకులకు బ్యాగులు. లేచి నిలబడితే మెట్లు తలకు తగులుతాయి. అందుకే నేను ముప్పై ఏళ్లు కూర్చునే పని చేశాను.

బ్యాగు రిపేరంటే సూదీ దారమే అనుకుంటారు. సూది పట్టడం ఎవరికైనా పది రోజుల్లో వస్తుంది. అసలు పని కళ్లది. బ్యాగు ఎక్కడ తెగిందో అందరికీ కనిపిస్తుంది, ఎందుకు తెగిందో చూడాలి. కుడి పట్టీయే ఊడిందంటే ఆ పిల్లవాడు ఒక్క భుజానికే వేలాడదీస్తున్నాడని అర్థం. కుట్టేసి ఇస్తే మళ్లీ నెలకు వస్తాడు. "రెండు భుజాలకు ఏసుకో బిడ్డా" అని చెప్పి ఇస్తే రాడు. ఈ సంగతి నాకు మీ తాత నేర్పాడు. నేర్చుకున్న సంగతిని నేనే మరిచిపోయి చేసిన తప్పు ఇప్పుడు చెప్పబోతున్నాను. కత్తిరించకుండా రాయి.

ఒక సాయంత్రం వాన వెలిసిన తర్వాత ఒక పిల్ల వచ్చింది. పదిహేడేళ్లుంటాయి. పేరు మమత. నల్గొండ దిక్కు నుంచి వచ్చి కర్మన్‌ఘాట్‌లో కిరాయికి ఉంటున్నవాళ్లు. పొద్దున మా మెట్ల పైన కోచింగ్, సాయంత్రం ఇంకెక్కడికో పోతుందని భుజాన ఉన్న పొడుగు సంచీ చెబుతోంది.

"అవ్వా, గీ జిప్పు రన్నర్ పోయింది. జర ఇప్పుడే ఏసిస్తవా?"

రన్నర్ అంటే జిప్పు మీద అటూ ఇటూ జరిగే ఇనుప ముక్క.

"ఏంది బిడ్డా గింత పొడుగు సంచి? కర్రలు పెట్టుకొని కొట్లాటకు పోతున్నవా?"

"కాదవ్వా, విల్లు. నేను ఆర్చరీ నేర్చుకుంటున్న."

"విల్లా! దసరాకు రావణాసురుణ్ణి కొట్టనీకా?"

పిల్ల నవ్వింది. "రావణుడు గాదవ్వా. అట్ట మీద గుండ్రాలుంటయి, గా గుండ్రాలల్ల కొట్టాలె."

రన్నర్ మార్చాను. మా పనిలో ఒక పద్ధతి ఉంది. జిప్పు వేసిన తర్వాత మేం గుంజి చూపించం, బ్యాగు తెచ్చిన గిరాకీనే గుంజి చూసుకోమంటాం. "గుంజు" అన్నాను. పిల్ల ఎడమ చేత్తో గుంజింది. సగం దాకా వచ్చి ఆగింది. పళ్లతో పట్టుకోబోయింది.

"ఎడమచేతి వాటమా?"

"కాదు."

"మరి కుడి చెయ్యి ఏం పాపం చేసింది?"

చెయ్యి వెనక్కి పెట్టుకుంది. నేను ఊరుకుంటానా? స్టూలు మీది నుంచే వంగి మణికట్టు పట్టుకుని ముందుకు తెచ్చాను. చూపుడు వేలు, నడిమి వేలు, ఉంగరపు వేలు. మూడింటి చివరలూ వాచి ఎర్రగా ఉన్నాయి. నడిమి వేలి కొన నేరేడుపండు రంగుకు తిరిగింది. ఉంగరపు వేలి మీద బొబ్బ పగిలి తోలు లేచిపోయింది.

"ఏందే ఇది? మసిలే నూనెల పెట్టినవా?"

అప్పుడు చెప్పింది. కొన్ని విల్లులకు తాడు పట్టి వదలడానికి క్లిప్పులాంటి పనిముట్టు ఉంటుందట. వీళ్లు నేర్చుకునేది పాత పద్ధతి, వెదురు విల్లు. తాడును మూడు వేళ్లతోనే లాగాలి, మూడు వేళ్లతోనే వదలాలి. వదలడాన్ని రిలీజ్ అంటారు. వదిలిన ప్రతిసారీ తాడు వేలి తోలును రాచుకుంటూ పోతుంది. సాయంత్రానికి ఎన్నిసార్లో లెక్కే లేదు.

"వేళ్లకు ట్యాబ్ పెట్టుకోవాలె అవ్వా. నాది పోయింది. ఒకామె ఇచ్చింది గాని పెద్దగయి జారిపోతాంది. దాన్ని పక్కకు పెట్టి టేపు చుట్టుకొని కొడుతున్న."

"ట్యాబా? పైన పిల్లల చేతులల్ల ఉంటది సూడు, సెల్‌ఫోనుకు పెద్దక్క, గదా?"

"గది గాదవ్వా! వేళ్లకు పెట్టుకునే తోలు ముక్క."

"ఓ, అంగుస్తానా!"

"అంటే?"

"వేలికి తొడుక్కునేది."

"ఆఁ, గదే గదే."

చూశావా, తప్పు ఇక్కడే మొదలైంది. అంగుస్తానా అంటే సూది గుచ్చుకోకుండా మేం వేలికి పెట్టుకునే టోపీ. మీ తాతకు పని నేర్పిన పాతబస్తీ ఉస్తాద్ దగ్గర నుంచి ఆ మాట మా ఇంట్లోకి వచ్చింది. నాకు తెలిసింది ఆ ఒక్క వస్తువే. ఆ పిల్లకు ఆ మాట తెలియదు. ఇద్దరం ఒకటే అనుకుని తలలూపాం.

"ఇంట్ల గీ వేళ్ల సంగతి తెల్సా?" అన్నాను.

"అమ్మకు తెల్సు. నాయినకు తెల్వదు. తెలిస్తే బంద్ చేపిస్తడు. నెల దినాలల్ల సెలక్షన్ ఉన్నదవ్వా."

"మరి అన్నం ఎట్ల తింటున్నవ్?"

"చెంచాతోని. పెరుగన్నం. కారం తగిలితే సుర్రుమంటది."

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఆ రాత్రి నేను అన్నం కలుపుకుంటుంటే కూడా గుర్తొచ్చింది.

మర్నాడు నా దగ్గరున్న తోళ్లలో అన్నిటికంటే గట్టిది తీశాను. చెప్పు అడుక్కు వేసే తోలు. ఆరెతో కంతలు పొడిచి, మైనం పూసిన దారంతో రెండు వరసల కుట్టు వేసి, మూడు వేళ్లకు మూడు టోపీలు చేశాను. ఎంత మురిసిపోయానో! సూది కాదు, మేకు కూడా దిగదు. పిల్ల తొడుక్కుని టకటకమని మెట్ల మీద కొట్టి చూసుకుంది. "అవ్వా, డోలు వాయించొచ్చు దీంతోని" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ చెయ్యి ఏం పని చేస్తుందో నేను చూడలేదు. చూడాలన్న ధ్యాసే రాలేదు.

మూడో రోజు సందు మొదట్లో ఒక ఆటో ఆగింది. ఖాకీ చొక్కా ఆయన దిగి వచ్చాడు. వెనక మమత, తల దించుకుని.

"గీ తొడుగులు కుట్టింది నువ్వేనా అమ్మా?"

అరచేతిలో నా టోపీలు. రెండే ఉన్నాయి.

"మూడోది బాణంతోనే పోయిందవ్వా," అంది మమత నెమ్మదిగా. "కుట్టు కాడ తాడు తట్టుకున్నది."

చెయ్యి చూపించింది. మునుపటి కంటే ఘోరంగా ఉంది. టోపీలో చెమట పట్టి వేలి చర్మం నాని మెత్తబడింది, పైనుంచి రాపిడికి లేచిపోయింది. పైగా అంత మందం తోలులోంచి తాడు వేళ్లకు తెలియక, జారిపోతుందేమోనని ఇదివరకటికి రెండింతల బలంగా పట్టిందట. నేను చేసింది కవచం. దానివల్ల ఆ పిల్ల ఇంకా గట్టిగా బిగబట్టింది.

తండ్రి పేరు యాదయ్య. ఎల్బీ నగర్, దిల్‌సుఖ్‌నగర్ మధ్య షేర్ ఆటో నడుపుతాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. స్టూలు ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"నిన్న ఇంట్ల పప్పు, మామిడికాయ తొక్కు. గా తొక్కంటే దీనికి పానం. గిన్నె ఊడ్చుకొని తినే పిల్ల. చెంచా పట్టుకొని పెరుగన్నం తింటాంది. ఏందే అంటే ఫ్యాషన్ నాయినా అంటది. చెయ్యి గుంజి సూస్తే గిట్లున్నది."

"తప్పు నాది అయ్యా. నేనే తెల్వక..."

"నేను కోపానికి రాలేదమ్మా." తన రెండు చేతులు నా ముందు చాపాడు. వేళ్ల కొనలు నున్నగా, తెల్లగా, గీతలే లేకుండా ఉన్నాయి. "ఆటో కొనకముందు పదేండ్లు గ్రానైట్ పాలిష్ పని చేసిన. పొద్దందాక నీళ్లల్ల, రాయి మీద. గిప్పుడు గీ వేళ్లకు ఏం తెల్వది. చాయ్ గిలాస వేడిగున్నదా సల్లగున్నదా పెదవికి పెట్టుకుంటేనే తెలుస్తది. ఇది పుట్టినప్పుడు ఎత్తుకుంటే మెత్తగున్నదని అందరు అన్నరు. నాకైతే తెల్వలే."

మమత గోడకు తిరిగి నిలబడింది.

"నా అసుంటి చెయ్యి దీనికి ఒద్దమ్మా. పదిహేను దినాలు సూస్త. నా ముంగట చేత్తోని తొక్కు కలుపుకొని తినాలె. తినకుంటే గా విల్లు ఎవలది వాళ్లకు ఇచ్చేసి ఒస్త."

ఆయన మాటలో మొండితనం లేదు. భయం ఉంది. మిషన్ మీద గుడ్డ కప్పాను, షట్టర్ దించాను.

"ఏడికమ్మా?" అన్నాడు యాదయ్య.

"గా గ్రౌండ్‌కు తీసుకపో నన్ను. నీ బిడ్డ ఏం చేస్తదో నా కండ్లతోని సూడాలె."

ఎల్బీ నగర్ అవతల కాలనీల మధ్య ఒక గ్రౌండ్. ఒక చివర గడ్డి మోపుల మీద రంగు గుండ్రాల కాగితాలు. ఈ చివర వరసగా నిలబడ్డ పిల్లలు. నేర్పే మేడం కృష్ణా జిల్లా ఆమె, మాట మెత్తన. రోజు విడిచి రోజు వస్తుందట. మమత టేపు చుట్టిన చెయ్యిని ఆమెకు ఇన్నాళ్లూ ఏదో వంకతో దాచింది.

చెయ్యి చూడగానే మేడం మొహం మారిపోయింది. "ఏంటమ్మా ఇది? నాకెందుకు చూపించలేదు?"

"తిడతారని మేడం."

"ఇప్పుడు తిట్టనా మరి!" తిట్టలేదు. నా టోపీలు తీసుకుని తిప్పి తిప్పి చూసింది. "ఇవి మీరే కుట్టారా పెద్దమ్మగారూ? కుట్టు చాలా బాగుందండి. కానీ..."

"బాగున్నది నాకెర్కేనమ్మా. కానీ తర్వాతదే చెప్పు."

ఆమె నవ్వి తన విల్లు తీసుకుంది. "తాడు యాడ ఆనుతది, యాడికెళ్లి జారిపోతది, జర మెల్లగ సూపియ్యి" అన్నాను. చూపించింది. తాడును వేలి కొనలకు పెట్టలేదు, మొదటి కణుపు గీత దగ్గర ఆనించింది. మూడు వేళ్లూ కొక్కెంలా వంగాయి. చెయ్యి వెనక భాగం, మణికట్టు మాత్రం కర్రలా చదునుగా, వదులుగా ఉన్నాయి. దవడ దాకా లాగింది. తర్వాత చేతితో ఏం చేసిందో నాకు కనబడలేదు. బాణం పోయింది. చెయ్యి మెడ పక్కకు జారింది.

"ఎప్పుడిడిసినవ్?"

"అదేనండీ అసలు విషయం. వేళ్లు తెరవకూడదు. పట్టుకోవడం మానెయ్యాలి, అంతే. తాడు దాని దారిన అది పోతుంది."

తర్వాత మమతను అడిగింది, విల్లు లేకుండా, నా చేతిసంచీ పట్టీని ఉత్తినే పట్టుకుని చూపించమని. పిల్ల పట్టీని వేలి కొనలతో పట్టుకుంది. వదిలేటప్పుడు వేళ్లు చాపి చెయ్యి బయటికి విసిరింది, మల్లెమొగ్గ తెంపినట్టు.

"తెంపుతోందండీ," అంది మేడం. "కొనల మీద బరువంతా పెట్టుకుని, పైగా తెంపుతోంది. అందుకే రాపిడి. బాణాన్ని కూడా రెండు వేళ్ల మధ్య నొక్కుతోంది." ఆగి విల్లు వంక చూసింది. "ఇది ఎవరి విల్లు?"

మమత గొణిగింది. పై క్లాసు పిల్లాడిదట. బాగా బిగువు. బాణం దూరం పోతుందని అడిగి తీసుకుందట.

"నీ బలానికి మించిన విల్లు లాగితే నీ వేళ్లే కదమ్మా మోసేది?" మేడం తేలిక విల్లు ఒకటి తెచ్చి పక్కన పెట్టింది. "చర్మం మూసుకునేదాకా ఇది కూడా ముట్టుకోవద్దు. బొబ్బలు గిల్లొద్దు, లేచిన తోలు పీకొద్దు. కడిగి పొడిగా ఉంచు, రేపు డాక్టరుకు చూపించు. ఇంకెప్పుడైనా వేళ్లు మంటెక్కితే ఆ రోజుకు అంతటితో ఆపెయ్. తిమ్మిరిగా, మొద్దుగా అనిపించిందా, వెంటనే నాకు చెప్పాలి. తెలిసిందా?"

తిమ్మిరి అన్న మాటకు యాదయ్య తల ఎత్తాడు. "చెప్తది మేడం," అన్నాడు కూతురి బదులు. "చెప్పకుంటే నేను చెప్త."

ఇక నా పని మిగిలింది. మేడం తన ట్యాబ్ విప్పి నా చేతిలో పెట్టింది. టోపీ కానే కాదు. ఆకులాంటి చదునైన తోలు ముక్క. నడిమి వేలు దూరడానికి ఒక కంత. బాణం తోక కూర్చోవడానికి ఒక చీలిక, దానికి పైన ఒక వేలు, కింద రెండు వేళ్లు. అంతే. ఆటోలో తిరిగి వచ్చేటప్పుడు మమత ఎడమ చేతిని తిరగేసి, దాని మీద నా పెన్నుతో కొలతలు గీసుకున్నాను. కుడి చేతిని ముట్టుకునేటట్టు లేదు.

చెప్పినంత తేలిగ్గా కాలేదు. మొదటిది మందమైంది. రెండోది వేలి కొన దాటి పొడుగైంది, అట్లా ఉంటే తాడు దాన్ని మడిచేస్తుందని మేడం ఫోనులో చెప్పింది. ఎంత మంచి తోలు తెచ్చినా కొత్తదానికి పట్టు ఉంటుంది, తాడును ఆపుతుంది. తాడు తడబడకుండా జారే తోలు ఎక్కడ దొరుకుతుంది?

గోడ మేకుకు మీ తాత తోలు వేలాడుతోంది. కుట్టేటప్పుడు తొడ మీద వేసుకునేది. మైనం దారాన్ని దాని మీద వేసి గుంజేవాడు, రోజంతా అదే పని. అన్నేళ్లు దారం రాసుకుని రాసుకుని అది అద్దంలా అయింది. ఆయన పోయిన తర్వాత దాన్ని నేను దుమ్ము దులపడానికి తప్ప ముట్టలేదు. కత్తెర పట్టుకుని ఒక నిమిషం కూర్చున్నాను. ఒక నిమిషమే అని రాయి, ఎక్కువ రాయకు. తాడు జారడానికి తయారైన తోలు నా ఇంట్లోనే ఉంటే ఊరంతా ఎందుకు వెతకడం? కోశాను.

ముందు వైపు ఆ నున్నటి తోలు, వెనక వేళ్లకు ఆనే వైపు పలచటి మేకతోలు. తాడు పోయే దారిలో ఒక్క కుట్టు కూడా పడనియ్యలేదు, ఉన్న కుట్టంతా అరచేతి వైపుకు నెట్టాను. అంచులు గాజుపెంకుతో గీకాను. చూపుడు వేలికీ నడిమి వేలికీ మధ్య బఠాణీ గింజంత రబ్బరు ముక్క అతికించాను, ఆ రెండూ కలిసి బాణాన్ని నొక్కకుండా. మేడం చూసి, తాడు ఆనే చోట రవ్వంత పౌడరు అద్ది, "ఇప్పుడు సరిపోయిందండీ" అంది.

ట్యాబ్ సిద్ధమైంది కాని చెయ్యి సిద్ధం కావాలి కదా. డాక్టరు మందు రాసిచ్చాడు. వారం పది రోజుల్లో కొత్త చర్మం వచ్చింది, గులాబీ రంగులో. అప్పటి నుంచి కోచింగ్ అయిపోగానే పిల్ల నా దగ్గరికి వచ్చేది. వెడల్పాటి మెత్తటి పట్టీ ఉన్న ఒక ఖాళీ బ్యాగు, అందులో ఒకటే పుస్తకం. పట్టీని కణుపు గీత దగ్గర ఆనించి, వేళ్లు కొక్కెంలా వంచి ఎత్తాలి. తర్వాత వేళ్లు తెరవకుండా, విసరకుండా దాన్ని పోనివ్వాలి. ఈ ఉపాయం నాదే. మేడం కూడా బాగుందంది.

మొదట్లో బ్యాగు ఎగిరి గోడకు తగిలేది.

"ఇసరకే! బ్యాగేమన్న నీకు బాకీ ఉన్నదా?"

మెట్లు దిగే పిల్లలు ఆగి చూసేవాళ్లు. "ఏంది మమతా, బ్యాగులు పడేసుట్ల కూడా కోచింగా? ర్యాంకెంత?" అని ఒక పిల్ల ఏడిపించింది.

"నువ్వు పట్టుకున్నది ఇడిసి సూడు, గంత ఆసాన్ గాదు," అంది మమత.

నాలుగో రోజో ఐదో రోజో, నేను జిప్పు కుడుతూ తల ఎత్తలేదు. ధబ్బున చప్పుడైంది. చూస్తే బ్యాగు తిన్నగా కాళ్ల దగ్గర పడి ఉంది. పిల్ల తన చేతిని తనే వింతగా చూసుకుంటోంది.

"అవ్వా, నేనేం చెయ్యలే! అదే పోయింది!"

పదిహేనో రోజు మధ్యాహ్నం యాదయ్య డబ్బా పట్టుకుని వచ్చాడు.

"ఇంట్లనే తినొచ్చు గదయ్యా," అన్నాను.

"సాక్షి ఉండాలె గదమ్మా."

వేడన్నం, ముద్దపప్పు, మామిడికాయ తొక్కు. మమత చెయ్యి కడుక్కుని వచ్చి బ్యాగుల మధ్య చోటు చేసుకుని కూర్చుంది. తండ్రి చెంచా కూడా తెచ్చాడు, చొక్కా జేబులోంచి దాని తోక కనబడుతోంది. అది తీసి ఇవ్వలేదు, దాచనూ లేదు. పిల్ల తొక్కు అంతా అన్నం మీద వేసుకుంది. మూడు వేళ్లూ నూనెలో ముంచి కలిపింది. ఎర్రటి నూనె రెండో కణుపు దాకా పాకింది. ముద్ద చేసి నోట్లో పెట్టుకుంది. ఇంకో ముద్ద. మూడో ముద్దకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

యాదయ్య లేచి నిలబడ్డాడు, మెట్లు తలకు తగిలాయి. "సుర్రుమంటుందా బిడ్డా? ఇడిసెయ్, ఇడిసెయ్!"

"వేళ్లకు గాదు నాయినా," అంది నోరు ఊదుకుంటూ, "నాలికెకు! అమ్మ కారం డబ్బంత పోసింది!"

నాకు నవ్వాగలేదు. ఆయనకు నవ్వు రాలేదు. పిల్ల డబ్బా ఖాళీ చేసి చెయ్యి కడుక్కున్నాక ఆ చేతిని తన చేతిలోకి తీసుకున్నాడు. బొటనవేలితో ఆ మూడు వేళ్లనూ ఒకదాని తర్వాత ఒకటి తడిమాడు. తల అడ్డంగా ఊపాడు.

"నాకు తెలుస్తలేదు."

అప్పుడు ఆ మూడు వేళ్లనూ ఎత్తి తన చెంపకు ఆనించుకున్నాడు. గడ్డం గీసుకోని చెంప. కళ్లు మూసుకుని కొంచెంసేపు అట్లాగే ఉన్నాడు.

"మెత్తగనే ఉన్నయి," అన్నాడు. చెంచా జేబులోకి ఇంకా లోపలికి నెట్టి ఆటో దగ్గరికి పోయాడు.

సెలక్షన్ సంగతి అందరూ అడుగుతారు కాబట్టి రాయి. ఆ ఏడు కాలేదు. చాలా రోజులు ప్రాక్టీస్ పోయింది కదా, రెండు బాణాలు గడ్డిలోకి పోయాయట. తర్వాతి ఏడు అయింది. తేలిక విల్లుతో మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పెంచుకుంది. ఇప్పుడు తనే చిన్నపిల్లలకు నేర్పుతోంది. కొత్తగా చేరిన ప్రతి పిల్లనూ ముందు నా దగ్గరికి తీసుకొస్తుంది. "అవ్వకు చెయ్యి సూపియ్యిండ్రి, దాచొద్దు" అని తనే గద్దిస్తుంది.

ఉర్దూ బాగా చదువుకున్న పెద్దాయన ఒకరు బ్యాగు పట్టీ కోసం వస్తే ఒకసారి ఈ కథ చెప్పాను. ఆయన పకపకా నవ్వాడు. పాతకాలం విలుకాళ్లు బొటనవేలికి తొడుక్కునే ఉంగరాన్ని కూడా అంగుస్తానా అనేవాళ్లట. "మాట తప్పు కాదమ్మా," అన్నాడు, "వేలే తప్పు!" మాటను బట్టి తోలు కోస్తే ఇట్లాగే అవుతుంది. ఆ తర్వాత నుంచి ఎవరు ఏ పేరు చెప్పినా నేను ముందు చెయ్యి చూస్తాను, ఆ చెయ్యి చేసే పని చూస్తాను. అవసరమైతే షట్టర్ దించి ఆ చోటికే పోతాను. కత్తెర చివరకు తీస్తాను.

ఇంకొకటి కూడా నేర్చుకున్నాను, అది నాకు నేర్పింది యాదయ్య. ముప్పై ఏళ్లు ఆరె పట్టిన వేళ్లు నావి. అవీ మొద్దుబారాయి, ఇన్నాళ్లూ నేను ఒప్పుకోలేదు అంతే. తోలు నున్నగా ఉందో గరుకుగా ఉందో వాటిని అడిగితే సరైన జవాబు రాదు. అందుకే ఇప్పుడు ట్యాబ్ పూర్తికాగానే నా చెంప మీద జారుస్తాను. ఎక్కడైనా పట్టుకుంటే మళ్లీ గాజుపెంకు తీస్తాను.

ఇదిగో, నిన్న చేసినది ఇది. తొమ్మిదేళ్ల పిల్లకు. నా చెంపా ముడతలు పడింది, దాన్నీ పూర్తిగా నమ్మలేను. ఫోను పక్కన పెట్టు చిన్నీ, నీ చెంప ఇటు ఇయ్యి. ఎక్కడన్నా గీరుకుంటుందా?